హైపో డోసింగ్‌కి గంటకు 25 లీటర్ల పంపు కొనాలా? లెక్క పైపు దగ్గర మొదలుపెట్టండి

మీ ప్రశ్నలో ఉన్న వివరాలు ఇవి. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. బోరు నీళ్లు 6 అంగుళాల ఎంఎస్ (మైల్డ్ స్టీల్) లైనులో గంటకు 60 ఘనపు మీటర్లు వస్తాయి, లైను ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు 3.5 కేజీ. ఇన్నాళ్లూ సంపులో చేత్తో హైపో (క్లోరిన్ ఇచ్చే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం) పోస్తున్నారు, ఇప్పుడు లైనులోకే 3 పీపీఎం క్లోరిన్ ఎక్కించాలి. సప్లయర్ గంటకు 25 లీటర్ల సోలినాయిడ్ (విద్యుదయస్కాంతంతో కొట్టే) పంపుకి కొటేషన్ ఇచ్చి, పెద్దది తీసుకుంటే ఎప్పటికైనా పనికొస్తుందన్నాడు. ఆ మోడల్ సరిపోతుందా అని అడిగారు.

సరిపోదు. పంపు మంచిదే అయినా మీ పనికి మరీ పెద్దది. డోసింగ్ సిస్టమ్‌లో పంపును ముందే ఎంచుకోకూడదు. మందు నీళ్లలో కలిసే చోటు ముందు తేల్చుకుని, అక్కణ్ణుంచి వెనక్కి వస్తూ క్విల్ (మందుని పైపు లోపలికి వదిలే సన్నటి గొట్టం), వాల్వులు, ట్యూబు, ఆ తర్వాత పంపు, చివరికి ట్యాంకు అనే వరుసలో వెళ్తే తప్పు జరగదు. మన దగ్గర చాలామంది ట్యాంకు, పంపు ముందే కొనేసి, లైనుకి ఎక్కడో ఒకచోట అర అంగుళం సాకెట్ వెల్డ్ చేసి కలిపేస్తారు. ఆ తర్వాత వచ్చే తలనొప్పుల్లో ఎక్కువ భాగం ఆ సాకెట్ దగ్గరివే.

ముందు మందు లెక్క చూద్దాం. గంటకు 60,000 లీటర్ల నీళ్లకి లీటరుకు 3 మి.గ్రా. చొప్పున గంటకు 180 గ్రాముల క్లోరిన్ కావాలి. హైపో తాజాగా లీటరుకు 100 గ్రాముల క్లోరిన్‌తో వస్తే గంటకు 1.8 లీటర్లు చాలు. కానీ మే, జూన్ ఎండల్లో రేకుల షెడ్డు కింద ఉన్న హైపో ఆ బలంతో నిలవదు. అది 60 గ్రాములకి పడిపోతే అదే పనికి గంటకు 3 లీటర్లు కావాలి. బోరు మారి నీళ్లలో ఇనుము ఎక్కువ వచ్చిందనుకోండి, ఒక పీపీఎం ఇనుము తన వంతుగా దాదాపు 0.6 పీపీఎం క్లోరిన్ మింగేస్తుంది. అమ్మోనియా ఉంటే ఇంకా ఎక్కువ పోతుంది. అలాంటి రోజుల కోసం 5 పీపీఎం వరకు ఎక్కించే వీలు ఉంచుకోండి. పాతబడ్డ హైపోతో 5 పీపీఎం అంటే గంటకు 5 లీటర్లు. కాబట్టి మీకు కావలసింది గంటకు 6 లీటర్ల పంపు. మామూలు రోజుల్లో అది 30 నుంచి 50 శాతం మీద నడుస్తుంది, కష్టకాలంలో 85 శాతానికి వెళ్తుంది.

25 లీటర్ల పంపు పెడితే మామూలు రోజు అది 7 శాతం మీద నడవాలి. ఆ 7 శాతాన్ని స్ట్రోకు (పంపు కొట్టే ఒక్కో దెబ్బ) పొడవు తగ్గించి తెద్దామంటే కుదరదు. స్ట్రోకు 30 శాతం కంటే పొట్టిదైతే వాల్వు బాల్ సరిగా లేచి కూర్చోదు, కొలత పోతుంది, చిన్న గాలిబుడగ వచ్చినా పంపు ఆగిపోతుంది. స్ట్రోకుల సంఖ్య తగ్గిస్తే ఇంకో చిక్కు. నిమిషానికి 180 స్ట్రోకుల పంపు 7 శాతం మీద నిమిషానికి 13 సార్లే కొడుతుంది. మీ లైనులో నీటి వేగం సెకనుకు 0.94 మీటర్లు, అంటే రెండు దెబ్బల మధ్య 4.3 మీటర్ల నీళ్లు మందు లేకుండానే వెళ్లిపోతాయి. గాఢమైన మందు ఒక ముద్ద, ఆ వెనక నాలుగు మీటర్లు ఉత్త నీళ్లు, మళ్లీ ఒక ముద్ద. శాంపిల్ పట్టిన ప్రతిసారీ వేరే రీడింగ్ వస్తుంది, ఆపరేటర్ రోజంతా నాబ్ తిప్పుతూనే ఉంటాడు. 6 లీటర్ల పంపు 30 శాతం మీద నిమిషానికి 54 సార్లు కొడుతుంది, దెబ్బ దెబ్బకీ మధ్య ఒక మీటరే ఎడం ఉంటుంది. అంత తేడాని పైపులో రెండు మూడు ఎల్బోలు సర్దేస్తాయి.

ఇక ఇంజెక్షన్ పాయింటు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల బోరు నీళ్లకీ హైపోకీ అసలు పడదు.

హైపో నిలవ ఉండాలని తయారీలోనే కొంత కాస్టిక్ మిగిల్చి పంపుతారు. దాని పీహెచ్ 12, 13 దాకా ఉంటుంది. అలాంటిది కాఠిన్యం ఎక్కువున్న నీళ్లని తాకిన చోట పీహెచ్ ఒక్కసారిగా పైకి ఎగబాకుతుంది. నీళ్లలోని బైకార్బొనేట్ కార్బొనేట్‌గా మారి, కాల్షియంతో కలిసి అక్కడికక్కడే సున్నపు పెచ్చుగా కడుతుంది. క్విల్ బయటికి లాగి చూస్తే మొన చుట్టూ తెల్లటి గరుకైన ఉంగరంలా కనిపిస్తుంది. గోటితో గీరితే రాదు, మధ్యలో సూది పట్టేంత రంధ్రమే మిగిలి ఉంటుంది. పంపు ఆగినప్పుడు ఇంకా వేగంగా కడుతుంది, ఎందుకంటే నీళ్లు మెల్లగా క్విల్ లోపలికి ఎక్కి అక్కడున్న హైపోతో కలుస్తాయి.

దీన్నుంచి ఒక నియమం పుడుతుంది. నాన్ రిటర్న్ వాల్వు (ఎన్‌ఆర్‌వీ, ఒక వైపుకే పోనిచ్చేది) క్విల్ మొనలోనే ఉండాలి, పైపు బయట కాదు. బయట ఎన్‌ఆర్‌వీ ఉన్న క్విల్‌లో ఆ వాల్వు నుంచి మొన దాకా ఉన్న గొట్టమంతా సున్నానికి ఇల్లవుతుంది. మొనలో బాల్, స్ప్రింగు ఉన్న రకం వాడుతుంటే స్ప్రింగు హేస్టెలాయ్ సీ అయి ఉండాలి, ఎస్‌ఎస్ 316 స్ప్రింగు హైపోలో ఎక్కువ కాలం నిలవదు. మన నీళ్లకి ఇంకా మంచిది బాతుముక్కు ఆకారంలో తెరుచుకునే మెత్తటి రబ్బరు మొన. ప్రతి స్ట్రోకుకీ అది వంగుతుంది కాబట్టి పెచ్చు గట్టిపడక ముందే రాలిపోతుంది.

క్విల్ మొన పైపు మధ్య భాగంలోకి రావాలి. మీ 150 మి.మీ. పైపులో గోడ నుంచి 50 నుంచి 75 మి.మీ. లోపలికి అన్నమాట. మొన గోడకి ఆనుకుని ఉంటే గాఢమైన హైపో గోడ వెంటే జారుతూ పోతుంది. ఎంఎస్ గోడని ఆ చారలోనే తినేసి, కొన్ని నెలల్లో ఇంజెక్షన్ పాయింటుకి కాస్త కింద వైపు చిల్లి పెడుతుంది. మీది ఎంఎస్ లైను కాబట్టి ఆ ఒక్క చోట మీటరు పొడవు పీవీసీ షెడ్యూల్ 80 (మందపాటి గోడ రకం) పైపు ముక్క ఫ్లాంజిల మధ్య పెట్టించండి. ఖర్చు తక్కువ, బెంగ తీరుతుంది. క్విల్ కాలర్ మీద బాణం గుర్తు ఉంటుంది, అది నీటి ప్రవాహం వైపు చూడాలి.

క్విల్‌ని లైను నడుస్తుండగానే బయటికి తీసే రకమే తీసుకోండి. మధ్యలో ఒక బాల్ వాల్వు, గ్లాండు ఉంటాయి. క్విల్‌ని కొంత వెనక్కి లాగి, వాల్వు మూసి, తర్వాత పూర్తిగా తీస్తారు. దానికి గొలుసు తప్పకుండా ఉండాలి. గ్లాండు వదులు చేయగానే 3.5 కేజీ ప్రెషర్ క్విల్‌ని హైపోతో సహా మనిషి ముఖం మీదికి తోస్తుంది. గొలుసు ఉంటే అది వాల్వు దాటే చోట ఆగిపోతుంది. గొలుసు లేని క్విల్ ఎంత చవగ్గా వచ్చినా తీసుకోకండి.

రెండు క్విల్‌లు కొని మార్చి మార్చి వాడండి. సీజన్‌లో వారానికోసారి ఒకటి తీసి, ముందు మంచినీళ్లతో బాగా కడిగి, ఆ తర్వాతే 5 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో నానబెట్టాలి. ఈ వరుస తప్పకూడదు. హైపో తడి ఉన్న క్విల్‌ని నేరుగా యాసిడ్‌లో వేస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మూసిన గదిలో అయితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ పని ఎప్పుడూ ఆరుబయటే చేయించండి.

క్విల్‌కి చుట్టే మర దగ్గర కూడా ఒక మాట. దిగుమతి క్విల్‌లు తరచు ఎన్‌పీటీ మరతో వస్తాయి, మన పైపు సామాన్ల షాపుల్లో దొరికేవి బీఎస్‌పీ. అర అంగుళంలో, ముప్పావు అంగుళంలో రెండింటికీ అంగుళానికి 14 చుట్లే, కానీ మర కోణం ఒకదానికి 60 డిగ్రీలు, ఇంకోదానికి 55. అందుకే మొదట చక్కగా ఎక్కుతుంది, సరిపోయిందనిపిస్తుంది, టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తే ఆగినట్టే ఉంటుంది. పీవీసీ ఆడమర అయితే కొన్ని వారాల్లో పొడవునా చీలుతుంది. ఆర్డరులోనే మర రకం రాయించండి.

హైపోని పలుచన చేసి పంపడం గురించి మీరు అడగలేదు, కానీ ఎవరో ఒకరు సలహా ఇస్తారు. సన్నటి ధార సరిగా కలవదని, పక్కనుంచి బోరు నీళ్లని క్యారియర్‌గా కలిపి పంపమంటారు. ఆ పని చేయకండి. మొన దగ్గర కట్టాల్సిన సున్నం క్యారియర్ లైను పొడవునా కడుతుంది. క్యారియర్ కావాలంటే మెత్తబరిచిన నీళ్లో, ఆర్‌ఓ నీళ్లో వాడాలి. ట్యాంకులో పలుచన చేసినా అంతే. మెత్తటి నీళ్లతో పలుచన చేస్తే మాత్రం ఒక లాభం ఉంది, పలుచని హైపో ఎండల్లో నెమ్మదిగా పాడవుతుంది.

కలయికకి స్టాటిక్ మిక్సర్ (లోపల కదలని రెక్కలుండే పైపు ముక్క) పెడితే మంచిదే, లేకపోయినా పర్వాలేదు. శాంపిల్ కాక్ మాత్రం ఇంజెక్షన్ పాయింటు నుంచి పైపు వ్యాసానికి వంద రెట్లు, అంటే 15 మీటర్లయినా దూరంలో పెట్టండి. అంతకంటే దగ్గర్లో పట్టిన శాంపిల్‌ని నమ్మి పంపు సర్దకండి. క్రిములు చావడానికి సమయం కూడా కావాలి. అరగంట సంపర్కం అనుకుంటే 30 ఘనపు మీటర్ల ట్యాంకు ఉండాలి, పైపులో అంత సమయం దొరకదు. డీపీడీ కిట్‌తో (రంగుని బట్టి క్లోరిన్ కొలిచేది) చూసినప్పుడు వాడకం చివర ఫ్రీ క్లోరిన్ కనీసం 0.2 పీపీఎం ఉండాలని తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. కాయలు కడిగే నీళ్లకి మీ క్వాలిటీ వాళ్లు పెట్టుకున్న హద్దు వేరు, దాన్ని బట్టి డోసు సర్దుకోండి.

ఇక పంపుకీ క్విల్‌కీ మధ్య సామాను. పంపు నుంచి బయల్దేరితే మొదట రిలీఫ్ వాల్వు (ప్రెషర్ మితిమీరితే తెరుచుకునేది), తర్వాత పల్సేషన్ డ్యాంపర్ (దెబ్బల ఊపుని గ్యాస్‌తో తగ్గించేది), డయాఫ్రం సీల్ ఉన్న ప్రెషర్ గేజి, బ్యాక్ ప్రెషర్ వాల్వు (పెట్టిన ప్రెషర్ దాటితేనే మందుని వదిలేది), ఐసోలేషన్ వాల్వు, చివర క్విల్. పంపుకీ రిలీఫ్ వాల్వుకీ మధ్య మూసే వాల్వు ఏదీ ఉండకూడదు. ఉంటే ఎప్పుడో ఒకరోజు ఎవరో దాన్ని మూసి పంపు నడుపుతారు, డయాఫ్రం (పంపులో మందుని తోసే పొర) గానీ ట్యూబు గానీ పగులుతుంది.

ప్రెషర్లు ఇలా వేసుకోండి. లైను 3.5, బ్యాక్ ప్రెషర్ వాల్వు 2, ట్యూబు, క్విల్ నష్టం అర కేజీ, మొత్తం 6. రిలీఫ్ 7 మీద సెట్ చేయండి, పంపు రేటింగ్ 10 కేజీ ఉండాలి. డ్యాంపర్‌లో నైట్రోజన్ పని ప్రెషర్‌లో 80 శాతం, అంటే 4.8 కేజీ నింపాలి. డ్యాంపర్ పరిమాణం స్ట్రోకు పరిమాణానికి 20, 25 రెట్లుంటే చాలు. మీ పంపు స్ట్రోకు అర మిల్లీలీటరు పైచిలుకే కాబట్టి మార్కెట్లో దొరికే అతి చిన్నది సరిపోతుంది.

రిలీఫ్ వాల్వు నుంచి తిరిగొచ్చే గొట్టాన్ని పంపు సక్షన్‌కి కలపకండి. ట్యాంకు పైకి తెచ్చి, కంటికి కనిపించే పారదర్శక ట్యూబులోంచి ట్యాంకులో పడేలా పెట్టండి. కారణం చెప్తాను. క్విల్ మూసుకుపోతే ప్రెషర్ పెరుగుతుంది, రిలీఫ్ తెరుచుకుంటుంది, హైపో మళ్లీ ట్యాంకులోకే వస్తుంది. పంపు టక్ టక్‌మని కొడుతూనే ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది, లైనులోకి చుక్క కూడా పోదు. తిరుగు గొట్టంలో ధార కనిపిస్తే అటుగా వెళ్లే ఎవరికైనా విషయం అర్థమవుతుంది. సక్షన్‌లో కలిపేస్తే ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఎవరికీ తెలీదు.

లైను ప్రెషర్ ఎటూ 3.5 కేజీ ఉంది కదా, బ్యాక్ ప్రెషర్ వాల్వు దేనికి అనొచ్చు. బోరు పంపు ఆగిన క్షణం గురించి ఆలోచించండి. లైను కిందికి ఖాళీ అవుతూ లోపల వ్యాక్యూమ్ పుడుతుంది. డోసింగ్ పంపు ఆగి ఉన్నా, సైఫన్ పట్టి హైపో తనంతట తానే లైనులోకి జారిపోతుంది. తెల్లారి పంపు వేయగానే కాయల మీద పడే మొదటి నీళ్లు ఘాటు వాసన కొడతాయి. ఆ వాల్వుని పంపు పక్కన కాకుండా క్విల్ దగ్గరే పెట్టండి. పంపు పక్కన పెడితే మధ్యలో ఉన్న పొడవాటి ట్యూబులోని మందంతా అలాగే జారుతుంది. సబ్‌మెర్సిబుల్ ఆగినప్పుడు డోసింగ్ కూడా ఆగాలని మోటారు కాంటాక్టర్ (మోటారుకి కరెంటు ఇచ్చే స్విచ్) నుంచి ఇంటర్‌లాక్ తీస్తారు, అదొక్కటే చాలదు. మోటారు తిరుగుతూ వాల్వు మూసి ఉన్నా కాంటాక్టర్ ఆన్‌లోనే ఉంటుంది. లైనులో ఫ్లో స్విచ్ పెట్టి రెండూ కలిపి ఇవ్వండి.

డెలివరీ ట్యూబు సన్నగా ఉండాలి. ఇక్కడ కూడా పెద్దదే మంచిదనే అలవాటు పనిచేస్తుంది. డోసింగ్ గది నుంచి లైనుకి 40 మీటర్లుందని, 15 మి.మీ. పీవీసీ పైపు వేశారనుకోండి. దాని కడుపులో 7 లీటర్ల హైపో పడుతుంది. గంటకు 3 లీటర్లు పోతే ఈ రోజు పోసిన మందు లైనుకి చేరడానికి రెండు గంటల పైనే పడుతుంది. అంతసేపూ ఎండలో కాగి గ్యాస్ పుట్టిస్తుంది. 4 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న పీటీఎఫ్‌ఈ ట్యూబు అయితే అదే 40 మీటర్లలో అర లీటరు పడుతుంది, పది నిమిషాల్లో చేరుతుంది. ప్రెషర్ నష్టం కేజీలో మూడో వంతు కంటే మించదు. ఆ ట్యూబుని ఒక పెద్ద పీవీసీ గొట్టంలో దూర్చి నీడ పట్టున తీసుకెళ్లండి. ట్యూబు ఎక్కడైనా కారినా బయటి గొట్టంలోంచి గదిలోకే వచ్చి పడుతుంది.

ఇప్పుడు పంపు రకం. హైపోకి పెద్ద శత్రువు దానిలోంచే పుట్టే గ్యాస్. రాత్రి ఆగిన పంపు హెడ్‌లో బుడగలు చేరతాయి. పొద్దున స్ట్రోకు కొట్టినప్పుడు డయాఫ్రం ఆ బుడగని నొక్కుతుంది, వదులుతుంది, అంతే, వాల్వు తెరుచుకోదు. గాలి పట్టింది అంటారు ఫిట్టర్లు. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, గ్యాస్‌ని తనే వదిలేసే డీగ్యాసింగ్ హెడ్ ఉన్న డయాఫ్రం పంపు. రెండోది పెరిస్టాల్టిక్ (రబ్బరు ట్యూబుని రోలర్లతో నొక్కుతూ తోసేది), అందులో వాల్వులే ఉండవు కాబట్టి గాలి పట్టే ప్రశ్నే లేదు. కానీ దాని ట్యూబు అరుగుతుంది, ప్రెషర్ పెరిగేకొద్దీ ఆయుష్షు తగ్గుతుంది. మీ సీజన్ రెండు నెలలు రాత్రింబవళ్లు నడిస్తే దాదాపు 1,440 గంటలు. గుజ్జు లైను మీద కాయ ఉన్నప్పుడు ట్యూబు పగిలి, స్పేరు మద్రాసు నుంచో బెంగళూరు నుంచో రావాలంటే కుదరదు. మీకైతే స్టెప్పర్ మోటారుతో నడిచే డయాఫ్రం పంపు, డీగ్యాసింగ్ హెడ్‌తో, తీసుకోమంటాను. అది స్ట్రోకుని ఎప్పుడూ పూర్తి పొడవునా కొడుతుంది, తోసే వేగాన్నే మారుస్తుంది. అందుకే తక్కువ డోసులోనూ ముద్దలుగా కాక ధారగా పోతుంది. సోలినాయిడ్ కంటే ధర ఎక్కువే. అంత పెట్టలేమంటే 6 లీటర్ల సోలినాయిడ్ కూడా పని చేస్తుంది, కరెంటు హెచ్చుతగ్గులకి దాని బోర్డు త్వరగా పోతుంది కాబట్టి స్టెబిలైజర్ మీద పెట్టండి. కొటేషన్లలో ఏపీఐ 675 అని కనిపిస్తే కంగారు పడొద్దు. అది పెట్రోలియం, రసాయన పరిశ్రమల డోసింగ్ పంపుల ప్రమాణం. పదింట ఒక వంతు దాకా తగ్గించినా స్థిర కొలత ఒక శాతం అటూఇటూలో ఉండాలంటుంది. మీ పనికి దాని ధర పెట్టక్కర్లేదు.

పంపుకి వాటర్ మీటరు పల్స్ ఇచ్చి నీటిని బట్టి డోసు పెరిగేలా తగ్గేలా చేయాలనుకుంటే, మీటరు 10 లీటర్లకొక పల్స్ ఇచ్చేది అడగండి. మీ లైనులో నిమిషానికి 1,000 లీటర్లు, అంటే నిమిషానికి 100 పల్సులు, పంపుకి హాయిగా సరిపోతాయి. 100 లీటర్లకొకటి ఇచ్చే మీటరు తెస్తే నిమిషానికి పది దెబ్బలే, పైన చెప్పిన ముద్దల కథ మళ్లీ మొదలవుతుంది.

హైపో తాకే భాగాల్లో ఇత్తడి, రాగి, ఎస్‌ఎస్ ఏవీ ఉండకూడదు. అవి తినబడటమే కాదు, నికెల్, రాగి, ఇనుము జాడ తగిలినా హైపో ఇంకా వేగంగా విరిగి ఆక్సిజన్ వదులుతుంది. హెడ్ పీవీసీ, డయాఫ్రం పీటీఎఫ్‌ఈ, ఓ రింగులు విటాన్, బాల్ సిరామిక్ అని ఆర్డరులో ఒక్కొక్కటీ రాయించండి. బాల్ వాల్వుల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. వాల్వు మూసినప్పుడు బంతి కడుపులో హైపో చిక్కుకుంటుంది, ఎండకి గ్యాస్ పుట్టి బయటికి దారి లేక వాల్వు పేలిపోతుంది. బంతికి ట్యాంకు వైపు 3 మి.మీ. రంధ్రం ఉన్న వెంటెడ్ బాల్ వాల్వులు దొరుకుతాయి, అవే వాడాలి. మామూలు వాల్వుకి మీరే రంధ్రం వేస్తే, మూసినప్పుడు ఆ రంధ్రం ట్యాంకు వైపే చూసేలా బిగించి బాణం గుర్తు పెట్టుకోండి.

ట్యాంకు చిన్నదే మేలు. గంటకు 3 లీటర్లంటే రోజుకు 72. నల్లటి హెచ్‌డీపీఈ 200 లీటర్ల ట్యాంకు పెడితే రెండు మూడు రోజులకి వస్తుంది. వెయ్యి లీటర్లది పెడితే అడుగున పాత మందు మిగిలి, కొత్తదాన్నీ పాడుచేస్తుంది. ట్యాంకు పంపు కంటే ఎత్తులో ఉండి, సక్షన్ పొట్టిగా, ఎక్కడా తిరగేసిన యు ఆకారం లేకుండా ఉండాలి, లేకపోతే ఆ వంపులో గ్యాస్ చేరుతుంది. సక్షన్‌లో స్ట్రెయినర్, దాని తర్వాత 100 మి.లీ. కాలిబ్రేషన్ కాలమ్. ట్యాంకు వాల్వు మూసి కాలమ్‌లోంచి పంపు పీల్చేలా చేసి గడియారం చూడండి. నిమిషంలో 50 మి.లీ. దిగితే గంటకు 3 లీటర్లు. పంపు డిస్‌ప్లే ఏం చూపించినా ఈ కాలమ్ చెప్పిందే నిజం. ట్యాంకు చుట్టూ, కారిన మందు నిలిచేలా, కట్ట కట్టించండి, ట్యాంకు పరిమాణానికి 110 శాతం పట్టేలా. యాసిడ్ ట్యాంకు గానీ ఎస్‌ఎంబీఎస్ (క్లోరిన్‌ని తీసేసే సోడియం మెటాబైసల్ఫైట్) ట్యాంకు గానీ ఆ కట్టలోనే పెట్టకండి, అవి కారి హైపోతో కలిస్తే విషవాయువు పుడుతుంది. కళ్లు కడుక్కునే షవరు పది అడుగుల్లో ఉండాలి.

వచ్చిన ప్రతి లోడుకీ హైపో బలం కొలవండి. 10 మి.లీ. హైపోని 100 మి.లీ.కి పలుచన చేసి, అందులోంచి 10 మి.లీ. తీసుకుని, పొటాషియం అయొడైడ్, ఎసిటిక్ యాసిడ్ వేసి 0.1 నార్మల్ థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయండి. పడిన మిల్లీలీటర్లని 3.545తో హెచ్చిస్తే లీటరుకు ఎన్ని గ్రాములో వస్తుంది. 28.2 పడితే 100 గ్రాములు. 17 పడితే 60, పంపు సెట్టింగ్ ఆ మేరకు పెంచాలి. క్యాన్ మీద లేబుల్‌ని నమ్మి సెట్టింగ్ ఒక్కటే ఉంచితే ఎండలు ముదిరేకొద్దీ క్లోరిన్ తగ్గుతూ పోతుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు.

మీ దగ్గర ఆర్‌ఓ, బాయిలర్ కూడా ఉన్నాయన్నారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ఆర్‌ఓ మెంబ్రేన్‌కి క్లోరిన్ తగలకూడదు. ఒక పీపీఎం క్లోరిన్‌కి లెక్క ప్రకారం 1.34 పీపీఎం ఎస్‌ఎంబీఎస్ చాలు, ఆచరణలో 3 వేస్తారు. 10 శాతం ద్రావణం వారానికి మించి బలం నిలవదు, ఎక్కువ కలిపి పెట్టుకోకండి. బాయిలర్‌కి ఆక్సిజన్ తీసే సల్ఫైట్ ఒక పీపీఎం ఆక్సిజన్‌కి 8 పీపీఎం పడుతుంది, దాన్ని ఫీడ్ ట్యాంకులోకి ఇవ్వాలి. ఫాస్ఫేట్ మాత్రం నేరుగా బాయిలర్ డ్రమ్‌లోకి, విడి లైనులో. ఆ వేడికి పీవీసీ ఆగదు, క్విల్, ట్యూబు ఎస్‌ఎస్ ఉండాలి. రేపు పీహెచ్ కోసం 98 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ వేయాల్సి వస్తే పీవీసీ హెడ్ పనికిరాదు, పీటీఎఫ్‌ఈ లేదా అల్లాయ్ 20 కావాలి. క్విల్‌ని పైపు అడుగు నుంచి పైకి పెట్టాలి. యాసిడ్ నీటికంటే చాలా బరువు. అడుగు నుంచి పెడితే పంపు ఆగినా గొట్టంలోనే నిలుస్తుంది. పై నుంచి పెడితే యాసిడ్ కిందికి జారి, ఆ జాగాలోకి నీళ్లు ఎక్కి, అక్కడే మరిగి క్విల్‌ని కాల్చేస్తుంది.

బిగించాక మొదటి రోజు హైపో పోయకండి. మంచినీళ్లతో నింపి, 7 కేజీ దాకా ప్రెషర్ పెట్టి కారుళ్లు చూడండి, రిలీఫ్ లేస్తోందా లేదా గమనించండి. 20, 40, 60, 80, 100 శాతం దగ్గర కాలమ్‌తో కొలిచి, లైను ప్రెషర్ మీదే, ఒక పట్టిక రాసి గోడకి అంటించండి. ఆ పట్టికలో అంకెలు నెల తర్వాత 10 శాతం తగ్గితే వాల్వు బాల్ కింద పొడి చేరిందని అర్థం.

మామిడి సీజన్ అయ్యాక పంపుని అలాగే వదిలేయడమే ఈ ప్రాంతంలో డోసింగ్ పంపుల్ని ఎక్కువగా చంపేది. ఆఖరి రోజు ట్యాంకు ఖాళీ చేసి, మెత్తటి నీళ్లతో అరగంట నడిపి, క్విల్ తీసి కడిగి గుడ్డలో చుట్టి లోపల పెట్టండి. హెడ్ విప్పి బాల్, సీటు మీద ఉప్పు పొరని తుడిచి పొడిగా ఆరబెట్టండి. డ్యాంపర్ గ్యాస్ వదిలేయండి. మళ్లీ సీజన్‌కి వారం ముందు కొత్త డయాఫ్రం, ఓ రింగులు వేసి, డ్యాంపర్ నింపి, నీళ్లతో నడిపి కాలమ్ పట్టికతో పోల్చండి. హైపో లోడు ఆ పరీక్ష అయ్యాకే తెప్పించుకోండి, ముందే తెచ్చి ఎండలో నిలవ పెట్టకండి.